పాత 6ఎస్ఎన్7 వాల్వుకి 18 వేలు పెట్టడం అప్‌గ్రేడ్ అవుతుందా?

తంబుర శ్రుతి (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నా దగ్గర టేబుల్ మీద పెట్టుకునే ట్యూబ్ హెడ్‌ఫోన్ యాంప్ ఒకటి ఉంది. లోపల రెండు వాల్వులు, అంటే ట్రాన్సిస్టర్లకి ముందు కాలపు గాజు ట్యూబులు: ముందు సిగ్నల్ పెంచే 6ఎస్ఎన్7 ఒకటి, వెనక హెడ్‌ఫోన్‌ని నడిపే 6080 ఒకటి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ రకం. నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ 600. పిల్లలు పడుకున్నాక గంటా, గంటన్నర కర్ణాటక గాత్రం వింటాను. రోజు మొత్తంలో నాదంటూ ఉండే సమయం అదొక్కటే.

రెండు నెలలుగా ఏదో తేడాగా ఉంది. పాడేవారి గొంతు నడిమధ్యన నిలవడం లేదు, కాస్త ఎడమకి జరిగినట్టుంది. అడుగున సన్నగా బుస్సుమనే చప్పుడు కూడా మొదలైంది. 1950ల నాటి సిల్వేనియా కంపెనీ 6ఎస్ఎన్7 ఒకటి 18 వేలకి దొరుకుతోంది. తీసుకుంటే ప్రాణం లేచొస్తుందని అమ్మేవాళ్లు అంటున్నారు. మా తమ్ముడేమో ఆ డబ్బుకి ట్యూబులే లేని మంచి యాంప్ కొత్తది వస్తుందంటాడు. నాకు ఎటూ తేలడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతవాల్వు (విజయవాడ)

తీసుకోండి బాబూ, ఆలోచించకండి. మా నాన్నగారిది రేడియో రిపేరు కొట్టు. నేను పెరిగిందే వాల్వుల మధ్య. స్విచ్ వేశాక అర నిమిషం ఆగితే గానీ స్టేషన్ పలికేది కాదు. ట్యూనింగ్ చూపే మ్యాజిక్ ఐ వాల్వు పచ్చగా వెలిగి రెండు రెక్కలూ దగ్గరకొస్తే స్టేషన్ సరిగ్గా దొరికినట్టు లెక్క. అప్పట్లో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లే మనకి వాల్వులు చేసేవారు. ఆ బెల్ ముద్ర ఉన్న ఈసీసీ83 రకం వాల్వులు నా దగ్గర ఇప్పటికీ నాలుగున్నాయి, నాలుగూ పనిచేస్తున్నాయి.

ఆ రోజుల్లో వాల్వే లోకం. సైన్యానికీ, టెలిఫోన్లకీ, టీవీలకీ అన్నిటికీ అదే. లక్షల్లో చేసిన చెయ్యి వేరు, ఇప్పుడు కొద్దిమంది శ్రోతల కోసం, గిటార్ వాయించేవాళ్ల కోసం చేసే చెయ్యి వేరు. నా యాంప్‌లో బూడిద రంగు గాజున్న పాత ఆర్‌సీఏ కంపెనీ 6ఎస్ఎన్7 ఉంది. కొత్తది పెడితే గాత్రం వెనకాల తంబుర అణిగిపోతుంది, పాతది పెడితే మళ్లీ లేచి నిలుస్తుంది. నా చెవులతో విన్నదే చెబుతున్నాను.

ఓమ్ నియమం (హైదరాబాద్)

పెద్దాయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ 18 వేలంటే చిన్న మొత్తం కాదు కాబట్టి నా మాట కూడా వినండి.

6ఎస్ఎన్7ని కేవలం సంగీతం కోసమే తయారు చేయలేదు. దాదాపు 18 వేల వాల్వులతో నడిచిన తొలితరం ఎనియాక్ కంప్యూటర్‌లో అంకెలు కూడే సర్క్యూట్లలో వాడింది ఇవే. అందులో సిగ్నల్ పెంచే భాగాలు, అంటే ట్రయోడ్లు, రెండు ఉంటాయి. ఒక్కోదాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే వోల్టేజ్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె, 20. ఏ కంపెనీ చేసినా ఆ అంకె దరిదాపుల్లోనే ఉండాలి.

మరి మీ యాంప్ 'వెచ్చగా' వినిపిస్తోందంటే కారణం ఎక్కడుంది? నా దృష్టిలో ఎక్కువ భాగం 6080 దగ్గర ఉంది. ఇలాంటి ఓటీఎల్ యాంప్‌ల ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే లోపలి అడ్డు, 100 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. హెచ్‌డీ 600 రేటింగ్ 300 ఓమ్‌లే అయినా, 100 హెర్ట్జ్ దగ్గర్లో అది 500 దాటుతుంది. లెక్క వేయండి. 300 దగ్గర హెడ్‌ఫోన్‌కి చేరేది వోల్టేజ్‌లో 75 శాతం, 500 దగ్గర 83 శాతం. తేడా దాదాపు 1 డెసిబెల్. అంటే మృదంగం తొప్పి వైపు, గాత్రం కింది స్థాయి కాస్త ఉబ్బుతాయి. మీరు మెచ్చుకునే నిండుదనంలో పెద్ద వాటా దానిదే. సిల్వేనియా పెట్టినా అది అలాగే ఉంటుంది. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌కి వరసలో 100 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టినా ఆ ఒక్క డెసిబెల్ వచ్చేస్తుంది.

1985లో అమెరికా యాంప్ తయారీదారు బాబ్ కార్వర్ 'స్టీరియోఫైల్' ఆడియో పత్రిక వాళ్ల ముందే తన ట్రాన్సిస్టర్ యాంప్‌ని సవరించి, ఖరీదైన ఒక ట్యూబ్ యాంప్‌లా పలికేలా చేశాడు. ఆ పత్రిక వాళ్లే తేడా పట్టలేకపోయారు. అదేమీ మంత్రం కాదు, రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌ల మధ్య తేడాని సున్నాకి దగ్గర చేస్తూ పోయాడు, అంతే.

డాలస్ శ్రోత

ఓమ్ నియమం గారూ, ఇంపెడెన్స్ లెక్క ఒప్పుకుంటాను. ఆ లెక్క తెలియకే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని ఓటీఎల్‌కి తగిలించి, వోల్టేజ్‌లో నాలుగో వంతు కూడా అందక, చప్పగా ఉందని ట్యూబుల్ని తిట్టుకునేవాళ్లని ఇక్కడ చాలామందిని చూశాను. కానీ కార్వర్ కథ మీ వాదానికి ఎదురు తిరుగుతుందని నా అభిప్రాయం. ఆయన తన యాంప్‌ని మార్చాల్సి వచ్చిందంటే, మార్చకముందు రెండూ ఒకేలా లేవనే కదా? ట్యూబ్ యాంప్‌కి తనదైన పలుకు ఉందని అక్కడే తేలింది.

తంబుర శ్రుతి గారూ, కొనే ముందు ఒక్క మాట. పాత వాల్వుల మార్కెట్‌లో ముద్రని నమ్మకూడదు. గాజు మీది అక్షరాలు వేలితో రుద్దితే పోతాయి, మళ్లీ ఏ పేరైనా వేయొచ్చు. అందుకే తెలిసినవాళ్లు గాజులోనే ఉన్న గుర్తులు చూస్తారు. టెలిఫుంకెన్ ఈసీసీ83 అయితే అడుగున పిన్నుల మధ్య వజ్రం ఆకారం ఉంటుంది. మల్లార్డ్‌కి గాజు అడుగున చెక్కిన కోడ్ ఉంటుంది. ఈ విషయం తెలియని రోజుల్లో నేను ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర జత కొన్నాను. పేరు గొప్పది, లోపల ప్లేట్లు చూస్తే మామూలు ట్యూబు. డబ్బు తిరిగి రాలేదు.

ధరల మాటంటారా, 2022 మార్చిలో రష్యా ట్యూబుల ఎగుమతి ఆపేసిందన్న వార్త వచ్చిన వారంలోనే కొత్తవీ పాతవీ అన్నీ ఎగబాకాయి. అక్కడి సరాటోవ్ ఫ్యాక్టరీ సరుకు తర్వాత మళ్లీ వచ్చింది, ఎక్కిన ధర మాత్రం దిగలేదు.

కోఠి గల్లీ (హైదరాబాద్)

అన్నా, అందరూ కొనడం గురించే మాట్లాడుతున్నారు. రోగం ఏంటో చూడరా? గొంతు ఎడమకి జరిగిందని శ్రుతి అన్న మొదటి పోస్టులోనే చెప్పాడు.

ముందు హెడ్‌ఫోన్ తీసి ఫోన్‌కో లాప్‌టాప్‌కో పెట్టు. అక్కడ గొంతు మధ్యలోనే ఉంటే హెడ్‌ఫోన్‌ బాగానే ఉన్నట్టు. తర్వాత సోర్స్ సౌండ్ తగ్గించి, యాంప్ నాబ్ బాగా పైకి తిప్పి విను. నాబ్ తిప్పేకొద్దీ పక్కకి జరగడం మారుతుంటే నాబ్ వెనక ఉండే వాల్యూమ్ పాట్ (మార్చగల రెసిస్టర్) సంగతి. ఎక్కడ పెట్టినా ఒకేలా ఉంటే ట్యూబు మీద అనుమానం. నీ యాంప్‌లో 6ఎస్ఎన్7లోని ఒక ట్రయోడ్ ఎడమకి, రెండోది కుడికి. ఒకటి అరిగితే అటు పక్క సౌండ్ పడిపోతుంది.

ఇంకోటి, గోడ సాకెట్‌లో రాత్రి పదింటికి వోల్టేజ్ ఎంతుందో చూసి చెప్పు. ప్లగ్‌లో పెట్టే మీటర్ చాలు. యాంప్ మూత మాత్రం తెరవకు అన్నా. స్విచ్ ఆపినా లోపల కెపాసిటర్లలో చార్జి ఉంటుంది, చెయ్యి పడితే ప్రాణం మీదికొస్తుంది.

తంబుర శ్రుతి

కోఠి గల్లీ తమ్ముడూ, చెప్పినట్టే చేశాను. లాప్‌టాప్‌లో గొంతు సరిగ్గా మధ్యలో ఉంది. యాంప్‌లో నాబ్ ఎక్కడ పెట్టినా ఎడమకే. పదింటికి వోల్టేజ్ 250, పగలు 228. యాంప్ వెనకాల 220 అని రాసుంది.

కోఠి గల్లీ

దొరికింది అన్నా. 220కి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద 250 వస్తే, 6.3 వోల్టులు ఉండాల్సిన హీటర్ (ట్యూబుని లోపల వేడిచేసే తీగ) 7.1 దాటుతుంది. పది శాతం కలిపినా 6.9 మించకూడదు. నువ్వు వినేది రోజూ రాత్రే కాబట్టి నాలుగేళ్లుగా ట్యూబుల్ని మాడుస్తున్నావు. అందులో 18 వేల సిల్వేనియా పెడితే దానికీ అదే గతి. ముందు మంచి స్టెబిలైజర్ కొను, తర్వాతే ఏ ట్యూబైనా.

పాతవాల్వు

ఈ అబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ముందే అడగాల్సింది, తొందరపడ్డాను. మా నాన్నగారు కూడా ముందు కరెంటు చూసేవారు, తర్వాతే వాల్వు.

కానీ ఓమ్ నియమం గారి మాటతో నాకు ఇంకా పేచీ ఉంది. ఇంపెడెన్స్ ఒక్కటే కాదండీ. వాల్వు ధ్వనికి స్వరాలు కలుపుతుంది, ఆ కలిపేది శ్రుతిలో కలుపుతుంది.

ఓమ్ నియమం

అది కొలవగలిగిన విషయమే, మీతో ఏకీభవిస్తాను. ఫీడ్‌బ్యాక్ లేని ట్రయోడ్ ఎక్కువగా కలిపేది రెండో హార్మోనిక్, అంటే మూల స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం. షడ్జమం మీద తార షడ్జమం అన్నమాట. మూడోది తార పంచమం, అయిదోది ఇంకా పైన అంతర గాంధారం. తంబురలో మనం వినేవీ ఇవే కాబట్టి చెవికి కష్టంగా ఉండదు.

కానీ ఒక స్వరానికైతే ఈ లెక్క బాగుంటుంది. గాత్రం, వయొలిన్, మృదంగం అన్నీ కలిసొచ్చినప్పుడు వాటి కూడికలు, తీసివేతలు కూడా పుడతాయి. అవన్నీ శ్రుతిలో పడవు. పైగా హెడ్‌ఫోన్‌కి కావలసిన చిన్న సౌండ్‌లో ఈ కలిపే వికృతి (డిస్టార్షన్) చాలా తక్కువ. ఒకే రకం ట్యూబుల్లో రెండింటి మధ్య తేడా అందులోనూ చిన్న ముక్క. దాన్ని చెవి పడుతుందా అన్నదే నా ప్రశ్న.

కొత్త శ్రోత (వరంగల్)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి సార్. నాది నాలుగు వేల హైబ్రిడ్ యాంప్, ట్యూబూ చిప్పూ కలిసింది. 12ఏయూ7 ఉంది. దాని బదులు ఈసీసీ88 పెడితే అప్‌గ్రేడ్ అని వీడియోలో చూశాను. పెట్టొచ్చా?

కోఠి గల్లీ

పెట్టకు తమ్ముడూ. సాకెట్ ఒకటే, తొమ్మిది పిన్నులే, కానీ హీటర్ కనెక్షన్ వేరు. 12ఏయూ7కి తొమ్మిదో పిన్ హీటర్ మధ్య కొన, ఈసీసీ88కి అది రెండు ట్రయోడ్ల మధ్య అడ్డు రేకు (షీల్డ్). కొన్ని యాంప్‌లలో మార్చుకోవడానికి స్విచ్ ఇస్తారు, లేకపోతే ముట్టుకోవద్దు. ఇంకా ఒకటి చూడు, గదిలో లైటు ఆపి ట్యూబు కింద నారింజ రంగు ఎల్ఈడీ ఉందేమో. అసలు హీటర్ అంత బ్రహ్మాండంగా వెలగదు. చాలా చవక యాంప్‌లలో ట్యూబుకి పాతిక వోల్టులు కూడా అందవు, పని అంతా చిప్‌దే. దాంట్లో ట్యూబు మీద డబ్బు పెట్టకు.

తంబుర శ్రుతి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. స్టెబిలైజర్ పెట్టాను. ఇప్పుడు రాత్రి కూడా 222 మించడం లేదు. ఇప్పుడు తయారవుతున్న 6ఎస్ఎన్7లు రెండు కొన్నాను, ఒకటి స్లొవేకియా జేజేది, ఒకటి సరాటోవ్‌లో చేసే టంగ్-సోల్. కొత్తది పెట్టగానే గొంతు మధ్యలోకి వచ్చి కూర్చుంది. బుస్సు పోయింది. ఆ రాత్రి ఒక్క వర్ణం విందామని కూర్చుని ఒంటిగంట దాకా లేవలేదు.

ఇక మీ వాదం నాకు నిద్ర పట్టనివ్వలేదు, అందుకే పరీక్ష చేశాను. ట్యూబు మార్చి, అది వేడెక్కేసరికి అంతకుముందు విన్నది చెవిలో ఉండదు. అందుకని తమ్ముడి రికార్డింగ్ ఇంటర్‌ఫేస్ తెచ్చి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే యాంప్ అవుట్‌పుట్‌ని రికార్డు చేశాం. ఒకే ఆలాపన, మూడు ట్యూబులతో. సౌండ్ సమానం చేశాం. ఆ ఫైళ్లని ఫూబార్ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లోని ఏబీఎక్స్ పరీక్షలో ఏది ఏదో తెలియకుండా విన్నాను. వినడానికి వాడింది లాప్‌టాప్, అదే హెచ్‌డీ 600.

అరిగిన పాత ట్యూబు, కొత్త జేజే: 16కి 16 పట్టాను.
జేజే, టంగ్-సోల్: 16కి 9.

ఊరికే నాణెం ఎగరేసినా 8 వస్తాయి కాబట్టి ఆ 9 లెక్కలోకి రాదు. రికార్డు చేయకముందు మాత్రం టంగ్-సోల్‌లో తంబుర స్పష్టంగా ఉందని తమ్ముడితో పందెం కాశాను. అంత నమ్మకంగా విన్నాను. సిల్వేనియా వాళ్లకి వద్దని చెప్పేశాను. కానీ ట్యూబ్ యాంప్‌ని అమ్మను. తమ్ముడి ట్రాన్సిస్టర్ యాంప్ పక్కన పెట్టి విన్నాను, నాకు ఇదే కావాలి. అది 100 ఓమ్‌ల మహిమే అయినా సరే.

ఓమ్ నియమం

చాలా ఓపికగా చేశారు. ఒక్క లోటు ఉంది. ఇంటర్‌ఫేస్ నాణ్యత వల్ల సన్నని తేడా ఏదైనా పోయిందేమో అని ఎవరైనా అడగవచ్చు. నేను పోలేదనే అనుకుంటున్నాను.

డాలస్ శ్రోత

పైగా పోల్చింది రెండు కొత్త ట్యూబుల్నే. పాత స్టాక్ ఈ పరీక్షలో లేనే లేదు. దాని మీద తీర్పు ఇంకా రాలేదు.

పాతవాల్వు

నేనూ అదే అనబోతున్నాను. శ్రుతి గారూ, రాజమండ్రి నుంచి విజయవాడ ఎంత దూరమండీ, రైలెక్కితే పూట పని కూడా కాదు. వచ్చే ఆదివారం రండి. నా ఆర్‌సీఏ తుడిచి ఉంచుతాను, మీ రెండు కొత్తవీ, తమ్ముడి రికార్డింగ్ పెట్టె తెచ్చుకోండి. మా ఇంట్లో కరెంటు ఎంతుందో నేనూ ఈ రాత్రే మీటర్ పెట్టి చూస్తాను. 16కి ఎన్ని పడతానో అంతా ఇక్కడే రాస్తాను.