యువ తారాగుచ్ఛంలో తక్కువ ద్రవ్యరాశి నక్షత్రాల అరుణీకరణను ఎలా సరిదిద్దాలి?

డేగ నీహారికలోని ఎన్‌జీసీ 6611 అనే వివృత తారాగుచ్ఛాన్ని యూ (అతినీలలోహిత), బీ (నీలం), వీ (దృశ్య), ఐ (సమీప పరారుణ) ఫిల్టర్లతో ఫొటోమెట్రీ (కాంతి తీవ్రత కొలత) ద్వారా అధ్యయనం చేస్తున్నాను. గయా అంతరిక్ష దూరదర్శిని మూడో డేటా విడుదలలోని స్వీయ చలనాలు, పారలాక్స్‌ల (దూరాన్ని తెలిపే స్థానభ్రంశాల) ఆధారంగా సభ్య నక్షత్రాలను వేరు చేయడం వరకు పెద్ద చిక్కులేమీ లేవు. ఇబ్బంది అంతా ధూళితోనే: అది నక్షత్ర కాంతిని తగ్గించి, ఎర్రగా కనిపించేలా చేస్తుంది (ఇదే అరుణీకరణ).

ఓ, బీ తరగతుల వేడి నక్షత్రాలకు యూ–బీ, బీ–వీ రంగుల నుంచి క్యూ విలువను (అరుణీకరణ ప్రభావం పడని రంగుల కలయికను) లెక్కగట్టి, ఒక్కొక్కదాని అరుణీకరణను విడిగా రాబట్టవచ్చు. అయితే ఇంకా ప్రధాన క్రమానికి (కేంద్రంలో హైడ్రోజన్ స్థిరంగా మండే దశకు) చేరని తక్కువ ద్రవ్యరాశి నక్షత్రాలపై చుట్టూ ఉన్న డిస్కు నుంచి పదార్థం పడుతున్నప్పుడు అతినీలలోహిత కాంతి అదనంగా వెలువడి, యూ–బీ రంగు నీలం వైపు జరిగిపోతుంది కాబట్టి ఆ పద్ధతి వాటికి పనికిరాదు. సమీపంలోని వేడి నక్షత్రాల సగటు విలువనే వీటికీ వర్తింపజేయాలా, లేక టూమాస్ అనే పరారుణ ఆకాశ సర్వేలోని జె, హెచ్, కె కొలతలతో విడివిడిగా అంచనా వేయాలా? ఆకాశంలో పక్కపక్కన కనిపించేవన్నీ ధూళి మేఘంలో ఒకే లోతున ఉంటాయన్న ఊహ మొదటి దారిలో దాగి ఉంది. అది నాకు అంత నమ్మదగినదిగా తోచడం లేదు. రెండో దారిలో డిస్కు వెలువరించే పరారుణ కాంతి ముఖ్యంగా కె కొలతను కలుషితం చేస్తుంది.

మరో సందేహం. మొత్తం కాంతి క్షీణతకూ అరుణీకరణకూ గల నిష్పత్తిని సాధారణంగా 3.1గా తీసుకుంటారు గానీ, ఈ గుచ్ఛం దిశలో అది అంతకంటే ఎక్కువని తెలిసిన విషయమే. అలాంటప్పుడు క్యూ నిర్వచనంలోని 0.72 వాలును (యూ–బీ, బీ–వీ అరుణీకరణల నిష్పత్తిని) అలాగే ఉంచవచ్చా? ఐసోక్రోన్లతో (ఒకే వయసు నక్షత్రాలకు సిద్ధాంతం ఇచ్చే రేఖలతో) పోల్చినప్పుడు కనిపించే వయసుల వ్యాప్తిలో జంట నక్షత్రాల ప్రభావాన్ని, సరిదిద్దాక కూడా మిగిలిపోయే అరుణీకరణను, నిజమైన వయోభేదం నుంచి ఎలా విడదీస్తారో ఈ పనిలో అనుభవం ఉన్నవారు వివరించవలసిందిగా మనవి.