విండ్ కండక్టింగ్‌లో మాస్టర్స్: ఆడిషన్ వీడియోకు స్కూలు పిల్లల బ్యాండు చాలునా?

టెక్సస్ క్లారినెట్:

అందరికీ నమస్కారం. డాలస్‌కు ఉత్తరాన ఒక మిడిల్ స్కూలులో బ్యాండు నేర్పుతున్నాను. విండ్ కండక్టింగ్‌లో, అంటే ఊదే వాద్యాల బ్యాండును నడిపించే విద్యలో, మాస్టర్స్ కోసం ఈ డిసెంబరు మొదట్లో దరఖాస్తులు పంపాలి. నేను చూసిన విశ్వవిద్యాలయాలన్నీ ముందుగా వీడియో అడుగుతున్నాయి. వాయించేవారి వైపు నుంచి నా ముఖం, చేతులు కనబడాలట. కొంత రిహార్సల్, కొంత ఆపకుండా నడిపించిన సంగీతం ఉండాలట.

నా దగ్గరున్నది ఏడు, ఎనిమిదో తరగతుల పిల్లలు. బసూన్ లేదు, హార్న్‌లు రెండే, ఓబో వాయించే అమ్మాయి ఈ ఏడే మొదలుపెట్టింది. గ్రేడ్ 2 రచనలు (నేర్చుకునే పిల్లల స్థాయివి) శుభ్రంగా వాయిస్తారు. అలా కాకుండా, కాలేజీలో నాతో చదివిన పదముగ్గురిని ఒక ఆదివారం పిలిచి మొత్సార్ట్ 'గ్రాన్ పార్తీత'లోని అదాజియో (మెల్లని భాగం) రికార్డు చేసుకునే వీలూ ఉంది. ఏది పంపమంటారు?

ఇంకో సంగతి. చిన్నప్పుడు గుంటూరులో కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. నా చెయ్యి ఇప్పటికీ తాళం వేస్తున్నట్టే ఉందని కాలేజీలో ఒకరు అన్నారు. దాన్ని ఎలా మార్చుకోవాలి? జీతం వచ్చే ఉద్యోగం వదిలి మళ్లీ చదువేమిటని ఇంట్లో అమ్మానాన్నలు దిగులు పడుతున్నారు. వాళ్లకు చెప్పగలిగే సమాధానం కూడా కావాలి.

యూఫోనియం మాస్టారు:

అమ్మా, నిస్సందేహంగా పిల్లల రిహార్సలే ముందు పెట్టు. ఇలాంటి వీడియోలు చూసి అభ్యర్థులను ఎంచే పని నాది. ఆరితేరిన వాద్యకారులు కండక్టర్ ఎలా ఉన్నా బాగానే వాయిస్తారు. అందులో నీ వంతు ఎంతో మాకు తెలియదు. పిల్లలు వాయిస్తుండగా నువ్వు ఆపి, రెండో క్లారినెట్లు ఎఫ్ షార్ప్ స్వరం మరిచిపోయారని చెప్పి, ఒక్క మాటతో సరిచేసి, మళ్లీ వాయిస్తే అది నిజంగా మారిందనుకో. నీ చెవి ఎలాంటిదో, నోటిమాట ఎలాంటిదో, పిల్లలు నిన్ను ఎంత నమ్ముతారో ఆ అరనిమిషంలోనే తెలిసిపోతుంది. ఆపిన ప్రతిసారీ ఒక్క విషయమే చెప్పు. ఎక్కువమంది ఆపి ఉపన్యాసం మొదలుపెడతారు, పిల్లలు వాయిద్యాలు ఒళ్లో పెట్టేసుకుంటారు.

కెమెరాను పెర్కషన్ వెనక స్టాండు మీద, నీ నడుము పైభాగమంతా కనబడేలా పెట్టు. మైకు మాత్రం నీ దగ్గర ఉండాలి, నువ్వు చెప్పే మాటలు స్పష్టంగా వినబడాలి. పిల్లలు వీడియోలో ఉంటారు కాబట్టి స్కూలు అనుమతి, తల్లిదండ్రుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకో.

స్నేహితుల రికార్డింగు రెండోదిగా పంపు. కాకపోతే గ్రాన్ పార్తీతకు బాసెట్ హార్న్‌లు (క్లారినెట్ జాతి వాద్యాలు) రెండు కావాలి, అవి దొరకడం కష్టం. రిచర్డ్ స్ట్రౌస్ సెరెనేడ్, ఓపస్ 7 చూడు. అదీ పదముగ్గురికే, బాసెట్ హార్న్‌ల బెడద లేదు. ఫ్లూట్లు, ఓబోలు, క్లారినెట్లు, బసూన్‌లు రెండేసి, నాలుగు హార్న్‌లు, ఒక కాంట్రాబసూన్.

వీడియో దాటితే ప్రత్యక్ష ఆడిషన్. సాధారణంగా జనవరి నుంచి మార్చి దాకా జరుగుతాయి. విశ్వవిద్యాలయ బ్యాండును ఇరవై నిమిషాలో అరగంటో నీ చేతికిస్తారు. తరువాత స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ రాసి ఉన్న ప్రతి) ముందు పెట్టి ప్రశ్నలడుగుతారు. మూడో హార్న్ గీత (ఆ వాద్యానికి రాసిన స్వరాల వరుస) పాడమనవచ్చు, ఆల్టో శాక్సఫోన్‌కు రాసిన స్వరం అసలు ఏ శ్రుతిలో వినబడుతుందో చెప్పమనవచ్చు. బ్యాండు రచనల్లో హోల్స్ట్ ఫస్ట్ సూట్ (1909), గ్రైంజర్ 'లింకన్‌షైర్ పోజీ' (1937), హిండెమిత్ సింఫనీ ఇన్ బి ఫ్లాట్ (1951) నీ ఒంట్లో ఉండాలి. హోల్స్ట్ మొదటి భాగం షకాన్‌ను (ఒకే ఇతివృత్తం మళ్లీ మళ్లీ వచ్చే రచన) మా యూఫోనియం, ట్యూబా కలిసి ఎనిమిది బార్ల ఇతివృత్తంతో ఎత్తుకుంటాయి. మిగిలిన రెండు భాగాలూ ఆ మొదటి స్వరాల నుంచే పుట్టాయి. ఎక్కడెక్కడ ఎలా పుట్టాయో స్కోరు మీద వేలు పెట్టి చూపగలగాలి. నేనైతే ఆ ప్రశ్న అడిగే తీరుతాను. ఇంత చిన్న విత్తనం నుంచి అంత సూట్ పెంచినవాడి పని చూసి పులకించనివాళ్లు ఈ చదువుకు రావడమెందుకు?

మూడో హార్న్:

ఆడిషన్ బ్యాండ్లలో కూర్చుని చాలామంది అభ్యర్థుల కింద వాయించాను. తాళం గురించి వాయించేవారి వైపు నుంచి చెబుతానండీ. తాళంలో దెబ్బ పడిన చోటే లెక్క. మాకు దెబ్బ కంటే దానికి ముందున్న కదలిక ముఖ్యం. ఎంత వేగంతో, ఎంత బలంతో, ఎలాంటి ధ్వనితో మొదలుపెట్టాలో తెలిస్తేనే హార్న్‌లో సరిగ్గా ఊపిరి పీల్చుకోగలం. చెయ్యి పైకి లేచేటప్పుడు కండక్టర్ కూడా మాతోపాటు ఊపిరి తీసుకుంటే సగం భయం పోతుంది.

ఒక అభ్యాసం చేయండి. నోటితో ఏమీ చెప్పకుండా, లెక్క పెట్టకుండా, ఆ ముందు కదలిక ఒక్కటే చూపి మీ పిల్లల చేత ఒకే స్వరం వాయించండి. ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా. వాళ్లు విడివిడిగా మొదలుపెడితే మీ చెయ్యి ఇంకా తాళమే వేస్తోందన్నమాట. గాత్రాన్ని మాత్రం వదలకండి. స్కోరులోని ఏ గీతనైనా బెరుకు లేకుండా పాడగలవాళ్లు ఆడిషన్లలో తక్కువే, మీకు అది పెద్ద బలం.

కాన్సస్ ట్రంపెట్:

అమ్మానాన్నలకు చెప్పాల్సిన మాట: అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూ విశ్వవిద్యాలయంలోనే చేసే పని) వస్తే చాలాచోట్ల ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా కొంత డబ్బూ ఇస్తారు. బదులుగా శనివారాలు ఫుట్‌బాల్ మైదానంలో మార్చింగ్ బ్యాండు, వారం పొడవునా లైబ్రరీ పని, కుర్చీలు సర్దడం. స్కూలు జీతంతో పోలిస్తే ఆ డబ్బు తక్కువే, దాచకుండా చెప్పండి. డాక్టరేటుకు వెళ్లాలనుకుంటే మాత్రం చాలా విశ్వవిద్యాలయాలు స్కూలులో పాఠాలు చెప్పిన అనుభవం అడుగుతాయి. అది మీకు ఇప్పటికే ఉంది.

ఒక్కో ప్రొఫెసర్ ఏడాదికి ఒకరినో ఇద్దరినో తీసుకుంటారు కాబట్టి ఒకటి రెండు చోట్లకే దరఖాస్తు పెట్టకండి. అసిస్టెంట్‌షిప్ ఇస్తామన్నవాళ్లు తొందరపెడితే, ఏప్రిల్ 15 దాకా గడువిచ్చే ఒప్పందంలో ఆ విశ్వవిద్యాలయం ఉందేమో చూడండి. అక్కడ చదువుతున్నవాళ్లకు ఫోను చేసి, వారానికి ఎన్ని నిమిషాలు పోడియం మీద నిలబడి బ్యాండును నడిపిస్తారో అడగండి. పేరు ఎంత పెద్దదైనా, ఏడాదంతా పక్కన కూర్చుని చూడడమే అయితే అక్కడ చేరవద్దు.

టెక్సస్ క్లారినెట్:

మాస్టారూ, అందరికీ కృతజ్ఞతలు. మూడో హార్న్ గారూ, ఆ ఒక్క స్వరం అభ్యాసం రేపే మొదలుపెడతాను. ఒకే సందేహం మిగిలింది. గ్రేడ్ 2 రచన చూసి తేలిగ్గా తీసుకోరు కదా?

యూఫోనియం మాస్టారు:

తీసుకోరమ్మా, రచన మంచిదైతే చాలు. ప్రతి విభాగానికీ చెప్పుకోదగ్గ గీత ఉన్నది, మెల్లని భాగం ఒకటైనా ఉన్నది ఎంచుకో. మెల్లని చోట చేతులు దాక్కోలేవు. అక్టోబరులోనే రికార్డు చేసెయ్యి, నవంబరు వస్తే పిల్లల ధ్యాసంతా క్రిస్మస్ కచేరీ మీదకు పోతుంది. సిఫారసు లేఖలు రాసేవాళ్లకు ఆ వీడియో ముందే పంపు, నీ రిహార్సల్ చూసి రాస్తే లేఖకు బలం వస్తుంది.