నాలుగు చోట్ల రాసుకుంటున్న పనులను ఒక్క చోటికి తేవడం ఎలా?

ప్రశ్న: నాగోల్ ఉద్యోగిని

అందరికీ నమస్కారం. నేను రోజూ నాగోల్ నుంచి రాయదుర్గం వరకు మెట్రోలో ఉద్యోగానికి వెళ్లివస్తాను. ఇంటి పనులన్నీ సరిగ్గా ఆ ప్రయాణంలోనే గుర్తుకు వస్తాయి. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ ఉండగానే కట్టవలసిన ఆస్తి పన్ను, నవంబరులో అమ్మ పింఛను కోసం ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం, బాబు బడి ఫీజు, గ్యాసు, దర్జీ దగ్గర ఉండిపోయిన జాకెట్లు, ఇలా దేనికీ మరొక దానితో పొంతన ఉండదు. వాటిని రాసుకోకపోవడం కాదు నా సమస్య, నాలుగు చోట్ల రాసుకోవడం. వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్న సందేశాలు కొన్ని, ఫ్రిజ్ తలుపు మీది చీటీలు కొన్ని, ఆఫీసు మెయిల్‌లో డ్రాఫ్టులుగా మిగిలినవి కొన్ని, ఒక సహోద్యోగి చెబితే మొదలుపెట్టి మూడు వారాలకే వదిలేసిన ఒక పెద్ద యాప్‌లో మరికొన్ని. ఆ యాప్‌లో ఏ పని రాయాలన్నా అది ఏ ప్రాజెక్టు కిందిది, ప్రాధాన్యం ఎంత, ఏ దశలో ఉంది అనే గడులన్నీ నింపాలి. చింతపండు తేవాలని రాసుకోవడానికి అంత తతంగం ఎందుకనిపించి మానేశాను.

పోయిన నెలలో నా స్కూటరు బీమా గడువు దాటిపోయింది. ఆ తేదీ రాసుకున్నానని గుర్తుంది, ఎక్కడ రాసుకున్నానో గుర్తులేదు. తీరా వెతికితే ఆ వదిలేసిన యాప్‌లోనే, “తరువాత చూడవలసినవి” అనే పట్టికలో కనబడింది.

నాకు కావలసినది చాలా సాదా సాధనం. తెలుగులో రాసుకోగలగాలి. ఫోనులోనూ, ఏ ప్రోగ్రామూ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు కంప్యూటరులోనూ తెరుచుకోవాలి. సరుకుల జాబితా మా వారికి కూడా కనబడాలి. డబ్బు కట్టకుండా సరిపోతే మరీ మంచిది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: బేగంబజారు గుమాస్తా

అమ్మా, నేను బేగంబజారులోని ఒక టోకు దుకాణంలో ముప్ఫై ఏళ్లకు పైగా పద్దులు రాసినవాడిని, కాబట్టి నాకు తెలిసిన దారిలోనే చెబుతాను. మా దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి. గల్లాపెట్టె పక్కన ఉండేది చిట్టా. బేరం ఏ వరసలో జరిగితే ఆ వరసలోనే, ఎవరిది, ఏమిటి అని ఆలోచించకుండా అందులో రాసేసేవాళ్లం. సాయంత్రం రద్దీ తగ్గాక కూర్చుని, ఒక్కొక్క పద్దు ఎవరి ఖాతా కిందికి వస్తుందో చూసి ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లం. మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆవర్జా తిరగేస్తూ కూర్చుంటే బేరం పోతుంది, చిట్టా ఒక్కటే పెట్టుకుని ఆవర్జా రాయకపోతే బాకీ ఎవరిదో తేలదు. మీరు వదిలేసిన యాప్ చిట్టా రాయవలసిన వేళ మీ చేత ఆవర్జా తెరిపించింది, అందుకే విసుగు వచ్చింది. మీ వాట్సాప్ చిట్టాగా బాగానే పనిచేస్తోంది గాని, అక్కడి నుంచి ఎక్కించడానికి రెండో పుస్తకమే మీకు లేదు.

నేను ఇప్పుడు చిట్టాకు గూగుల్ కీప్ అనే నోట్ల యాప్ వాడుతున్నాను. అందులో నోట్లు పదులకొద్దీ తెరవకుండా “చిట్టా” అని ఒకే ఒక్క నోటు పెట్టి, దాన్ని పైన పిన్ చేసి, ఫోను మొదటి తెర మీద విడ్జెట్‌గా ఉంచాను. మెట్రోలో సిగ్నల్ లేకపోయినా ఫోనులో రాసుకోవచ్చు, సిగ్నల్ వచ్చాక అదే మిగతాచోట్లకు చేరుతుంది. ఆవర్జాకు మైక్రోసాఫ్ట్ టు డూ అనే పనుల జాబితా యాప్ సరిపోతుంది. ఒక్కొక్క పనికి గడువు తేదీ, గుర్తుచేసే వేళ పెట్టవచ్చు, ఏటా లేదా నెలనెలా తిరిగివచ్చే పనిని ఒక్కసారి రాస్తే చాలు, జాబితాను ఇంట్లోవారితో పంచుకోవచ్చు, ఆఫీసులో బ్రౌజరులోనే తెరుచుకోవచ్చు. అందులో “మై డే” అనే పుట ఉంది. ఈ రోజు చేయదలచినవి పొద్దున అందులోకి తెచ్చుకుంటే, రాత్రికి ఆ పుట దానంతట అదే ఖాళీ అవుతుంది, చేయని పనులు మాత్రం వాటి అసలు జాబితాల్లో భద్రంగానే ఉంటాయి. నిన్నటి బాకీలన్నీ పొద్దున్నే ఎర్రటి అక్షరాలతో ఎదురైతే నాబోటి వాడికి యాప్ తెరవడానికే చేతులు రావు గనుక నాకు ఈ పద్ధతి నచ్చింది.

పద్దు రాసే తీరు కూడా ముఖ్యమే. “బీమా” అని ఒక్క మాట రాసుకుంటే పది రోజుల తరువాత అది ప్రశ్నలాగే కనబడుతుంది. “స్కూటరు బీమా కట్టాలి, పాత పాలసీ కాగితం బీరువా పై అరలో ఉంది” అని రాసుకుంటే చూసిన వెంటనే లేచి చేయవచ్చు. గుర్తుచేసే తేదీని ఆఖరి రోజున కాకుండా కనీసం పది రోజుల ముందు పెట్టుకోండి. ఆఖరి రోజున ఫోను మోగితే మీరు ఏ సమావేశంలోనో ఉంటారు.

జవాబు: కూకట్‌పల్లి కోడు కూలీ

గుమాస్తా గారి పోలిక నాకు బాగా నచ్చింది, కాని ఒక విషయంలో విభేదిస్తాను. వారు జీతం తీసుకుని రోజూ సాయంత్రం ఆవర్జా ఎక్కించారు. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి వంట చూసుకోవలసిన మనిషి చేత ఆ పని ఎన్నాళ్లు జరుగుతుందన్నది నా సందేహం. నాకు తెలిసిన వారిలో ఈ రెండు పుస్తకాల పద్ధతి పెట్టుకున్న చాలామంది ఎక్కించే దగ్గరే ఆగిపోయారు, చిట్టా మాత్రం కొండవీటి చాంతాడులా పెరుగుతూ పోయింది. అందుచేత తేదీ ఉన్న పనిని చిట్టాలో రాయకుండా, గుర్తుకు వచ్చిన క్షణంలోనే నేరుగా తేదీతో సహా టు డూలో పెట్టేయమంటాను. తేదీ లేనివి మాత్రమే చిట్టాలోకి వెళ్లాలి. అప్పుడు ఎక్కించడం ఒక వారం తప్పినా బీమా గడువు తప్పదు.

ఇక సాధనాన్ని ఎంచుకునేటప్పుడు అందులోకి వెళ్లడం ఎంత సులువో అందరూ చూస్తారు గాని, బయటికి రావడం ఎంత సులువో ఎవరూ చూడరు. వండర్‌లిస్ట్ అనే పనుల జాబితా యాప్‌ను లక్షలమంది ఇష్టంగా వాడేవారు. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుగోలు చేసింది, 2020 మే నెలలో మూసేసింది. గుమాస్తా గారు చెప్పిన టు డూ దాని స్థానంలో వచ్చినదే. ఎవర్‌నోట్ అనే నోట్ల యాప్‌ను ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ సంస్థ కొన్న తరువాత, 2023 డిసెంబరులో ఉచిత ఖాతాను 50 నోట్లకు, ఒక్క నోట్‌బుక్కుకు పరిమితం చేశారు. పుస్తకం మనదే అయినా బీరువా తాళం వాళ్ల చేతిలో ఉంటుంది. కీప్‌లోని నోట్లను, మన సమాచారాన్ని దించుకోనిచ్చే గూగుల్ టేకౌట్ ద్వారా దించుకుంటే ఒక్కొక్క నోటు ఏ బ్రౌజరులోనైనా తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వస్తుంది. మూడు నెలలకోసారి అలా దించి పెట్టుకోండి.

నా మటుకు నేను సాదా టెక్స్ట్ ఫైలు వాడతాను. 2006లో జీనా ట్రపాని మొదలుపెట్టిన టుడూ.టీఎక్స్‌టీ పద్ధతిలో ఒక పనికి ఒక వరస ఉంటుంది, పూర్తయితే దాని ముందు ఒక ఎక్స్ అక్షరం చేరుతుంది, అంతే. నోట్లకు జాప్లిన్, ఆబ్సిడియన్ కూడా మంచివి, ఎందుకంటే రాసినది మార్క్‌డౌన్ అనే సాదా పాఠ రూపంలో మన చేతికి వస్తుంది. అయితే ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య ఫైలు ఒకేలా ఉండేలా చూసుకోవడం ఒక్కోసారి ఒక రాత్రి నిద్రను మింగుతుంది, పైగా వీటిని ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మీ ఆఫీసు షరతు చూస్తే మీకు వీటిని సిఫారసు చేయలేను. ఒక హెచ్చరిక మాత్రం చెబుతాను. బ్యాంకు పిన్నులు, పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు ఇలాంటి నోట్లలో రాయకండి, మరీ ముఖ్యంగా ఇంట్లో ఇతరులతో పంచుకున్న నోట్లలో రాయకండి.

నాగోల్ ఉద్యోగిని

ఇద్దరికీ ధన్యవాదాలు. తేదీ ఉన్నవి, లేనివి అని విడదీయడం నాకు వెంటనే అర్థమైంది. మరొక చిక్కు ఉంది. తెలుగులో రాసుకున్న నోట్లు వెతికితే కొన్ని దొరకడం లేదు. “ఆఫీస్” అని వెతికితే కొన్నే వస్తున్నాయి, మా వారు టైపు చేసినవి అసలే రావడం లేదు. ఇది యాప్ లోపమా, నా లోపమా?

జవాబు: చిక్కడపల్లి అక్షరాల పని

రెండూ కాదండీ, చాలావరకు మన రాతలోని వైవిధ్యమే కారణం. మీరు “ఆఫీస్” అని రాస్తారు, మీ వారు “ఆఫీసు” అనో “ఆఫీసుకు” అనో రాస్తారు. చదివే మనిషికి మూడూ ఒకటే, అక్షరాలను వరసగా పోల్చి చూసే యంత్రానికి మూడూ వేరు. తెలుగులో విభక్తి మాటకే అతుక్కుంటుంది కాబట్టి, వెతికేటప్పుడు పూర్తి మాట ఇవ్వకుండా “ఆఫీ” అని మొదటి భాగం ఇచ్చి చూడండి. అది కూడా యాప్‌ను బట్టి ఉంటుంది, కొన్ని పూర్తి మాటలనే పోలుస్తాయి.

కంటికి కనబడని తేడాలు ఇంకా ఇబ్బంది పెడతాయి. “ఫేస్‌బుక్” అన్న మాటలో బు వత్తుగా మారకుండా ఉండడానికి స్ తరువాత ఒక అదృశ్య అక్షరం ఉంటుంది, దాన్ని టైపు చేయనివారి తెర మీద అదే మాట “ఫేస్బుక్” అవుతుంది. అలాగే పూర్ణానుస్వారం బదులు తెలుగు అంకెల్లోని సున్నాను కొట్టేవారు ఉన్నారు. రెండూ చూడడానికి గుండ్రంగానే ఉన్నా, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో వాటి స్థానాలు వేరు. నేను డీటీపీ పనిలో ఉన్నవాడిని గనుక ఇంకొకటి కూడా చెప్పాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాఠాన్ని నోట్లలో అతికిస్తే అది తెలుగుగా కనబడదు, వెతికితే దొరకదు. ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

నేను పాటించే ఉపాయం చాలా చిన్నది. ప్రతి నోటు చివర మా ఇంట్లో అందరం ఒప్పుకున్న ఏడెనిమిది మాటల్లో ఒకటి, ఎప్పుడూ ఒకే వర్ణక్రమంతో రాస్తాం. ఇల్లు, బడి, మందు, పన్ను, బండి, ఇలాంటివి. విదేశీ మాటలు కాని చిన్న పదాలు ఎంచుకుంటే తప్పు టైపు చేయడం కష్టం. ఫోనుకు నోటితో చెప్పి రాయించుకునేవారు ఊరి పేర్లు, మందుల పేర్లు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. మా అమ్మగారి మాత్ర పేరు ఒకసారి మిఠాయి పేరుగా మారిపోయింది.

జవాబు: తార్నాక పంతులమ్మ

మా అమ్మమ్మ ఏదైనా మరిచిపోకూడదనుకుంటే కొంగున ముడి వేసుకునేది. ఆ ముడి దేనికి వేసిందో మరిచిపోయి మమ్మల్ని అడిగిన రోజులు కూడా ఉన్నాయి, కాబట్టి ఈ సమస్య ఫోన్లతో వచ్చింది కాదు. నా సలహా ఒక్కటే. ఫ్రిజ్ మీది చీటీలను తీసేయకండి. ఇంట్లో పెద్దవారు చూసేది అవే.

నాగోల్ ఉద్యోగిని

రెండు వారాలు ప్రయత్నించి మళ్లీ రాస్తున్నాను. తేదీ ఉన్న 14 పనులను టు డూలోకి ఎక్కించాను, ఆస్తి పన్నును ఏటా ఏప్రిల్ 5న గుర్తుచేసేలా పెట్టాను. కీప్‌లో ఒక్క చిట్టా, మా వారితో కలిసి సరుకుల జాబితా, అంతే ఉన్నాయి. ఆదివారం చిట్టా ఎక్కించడం ఒక వారం తప్పింది, కూకట్‌పల్లి వారు చెప్పినట్టే దానివల్ల ఏ గడువూ పోలేదు. వాట్సాప్‌లో నాకు నేను పంపుకోవడం మాత్రం ఇంకా పూర్తిగా మానలేదు, నిన్న కూడా రెండు పంపుకున్నాను. ఫ్రిజ్ మీద అమ్మ మందుల చీటీ అలాగే ఉంచాను.