గిన్నె దగ్గర గుర్రుమంటే కుక్కను వెల్లకిల పడేయాలా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
ఏడు నెలల లాబ్రడార్. అన్నం గిన్నె దగ్గరికి పోతే ఒళ్లు బిగబట్టి గుర్రుమంటది. "మెడ పట్టి వెల్లకిల పడేసి అదుమాలె, అప్పుడే ఇంట్ల ఎవరు పెద్దో తెలుస్తది" అని ట్రైనర్ అంటున్నడు. ఇంట్ల చిన్న పిల్లలున్నరు. అట్ల చేయొచ్చా?

జవాబు 1:
అస్సలు చేయొద్దన్నా. ట్రైనర్ చెప్పేది "ఆల్ఫా" లెక్క, అంటే మందల ఒకటి మిగతావాటిని అదిమి పెద్దగ ఉంటదనుడు. అది 1947ల రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బంధించిన తోడేళ్లను చూసి రాసినదాంట్లకెళ్లి వచ్చింది. అడవిల తోడేళ్ల మంద అంటే మామూలుగ తల్లి, తండ్రి, వాటి పిల్లలే అని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999ల రాసిండు. గుర్రుమనుడు పెత్తనం కాదు, గిన్నె గుంజుకుంటరేమోనన్న భయం. కొట్టి ఆపితే భయం పోదు, హెచ్చరిక పోతది. తర్వాత చప్పుడు లేకుండ కరుస్తది.

జవాబు 2:
అది తింటుంటే ఆరడుగుల దూరంల ఆగి, ఉడికించిన కోడి ముక్క (ఉప్పు, ఉల్లిగడ్డ, బొక్క లేకుండ) గిన్నె దిక్కు విసిరి వెనక్కి రండి. చిటికెన వేలి గోరంత చాలు. పూటకు ఐదారు సార్లు. మిమ్మల్ని చూసి ఒళ్లు వదులు చేసి తోక ఊపితేనే, మూడు నాలుగు రోజులకు అరడుగు జరగండి. బిగుసుకున్నా, గబగబ మింగినా మీరు తొందరపడ్డట్టే, మళ్ల వెనక్కి పోవాలె. చాలామంది చెడగొట్టేది గిన్నెల చెయ్యి పెట్టి "పరీక్ష" చేసే. పిల్లలతోని ఇది చేయించొద్దు, తినేటప్పుడు తలుపేయండి.

జవాబు 3:
ముందు పశువుల డాక్టర్‌కు చూపించండి, పంటి నొప్పి ఉన్నా ఇట్లనే చేస్తది. చోక్ చైన్ (గుంజితే మెడకు బిగుసుకునే గొలుసు) కూడ వద్దు. మన ఎండలకు కుక్క రొప్పుతనే ఒళ్లు చల్లబరుచుకుంటది, గొంతు బిగిస్తే ఆ దారి మూసినట్టు. కుక్కను కొట్టుడు, తన్నుడు 1960 జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరమని ఆ ట్రైనర్‌కు చెప్పండి.