తొడ కండ స్కాన్‌లో 21 నుంచి 19కి తగ్గింది, బలం మాత్రం పెరిగింది. ఎట్లా?

గుంతకల్లు నుంచి: మా తమ్ముడు కబడ్డీ ఆడతాడు. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. ఆరు వారాలకు అనంతపురంలో తొడకు అల్ట్రాసౌండ్ తీస్తే కండ మందం 21 మిల్లీమీటర్లు. మొన్న కర్నూల్లో తీయిస్తే 19. వాడేమో అప్పుడు కాలు లేపడానికే ఏడ్చినవాడు, ఇప్పుడు నాలుగు కేజీల ఇసుక సంచి కట్టుకుని లేపుతున్నాడు. కండ కరిగిపోతోందని అమ్మకు టెన్షన్. రోజూ రెండు గుడ్లు పెట్టేది నాలుగు చేసింది. ఏది నమ్మాలి?

ఫిజియో, కర్నూలు: అన్నా, రెండు స్కాన్లూ ఒకే చోట తీశారా? ఊరు కాదు నేనడిగేది, తొడ మీద చోటు. తుంటి ముందు ఎముక మొన నుంచి మోకాలి చిప్ప పైఅంచు దాకా టేపు పెట్టి, సగంలో గుర్తు పెట్టి కొలుస్తాం. గుర్తు కిందికి జరిగితే అంకె మారిపోతుంది. తొడ మీద ఆనించే స్కాన్ పరికరం, అదే ప్రోబ్, గట్టిగా నొక్కినా కండ అణిగి పలచగా కనబడుతుంది. జెల్ దండిగా పూసి, ఆనీ ఆననట్టు పట్టాలి.

రేడియాలజీ టెక్నీషియన్, కడప: ఏది కొలిచారో కూడా చూడండి. బొమ్మలో అడుగున తెల్లగా మెరిసే గీత తొడ ఎముక. దాని మీద రెండు నల్లటి కండ పొరలు: పైది రెక్టస్ ఫెమోరిస్, కిందిది వాస్టస్ ఇంటర్మీడియస్. ఒకరు పైది, ఇంకొకరు రెండూ కొలిస్తే పోల్చడానికే లేదు.

గుంతకల్లు నుంచి: రెండు రిపోర్టుల్లోనూ రెక్టస్ ఒక్కటే ఉంది. తమ్ముణ్ని అడిగితే తెలిసింది, మొదటిసారి వ్యాయామం అయిన వెంటనే బెంచీ మీద కూర్చోబెట్టి తీశారంట. కర్నూల్లో పొద్దున్నే, పడుకోబెట్టి.

ఫిజియో, కర్నూలు: అదీ సంగతి. వ్యాయామం చేశాక రక్తం, నీరు చేరి కండ కాసేపు ఉబ్బుతుంది. కూర్చున్నప్పటి మందం, పడుకున్నప్పటి మందం ఒకటి కాదు. ఆ 21ని పక్కన పెట్టి 19ని మొదలు అనుకోండి. మళ్లీ అదే సెంటర్‌లో, పొద్దున్నే, కాసేపు పడుకున్నాక, రెండు కాళ్లకూ తీయించండి. బాగున్న కాలితో పోలికే అసలు లెక్క.

ఇక బలం. స్కాన్ దాన్ని కొలవదు. ఆపరేషన్ అయిన కొత్తలో మోకాలి వాపు వల్ల తొడ కండ సగం నిద్రలో ఉంటుంది. నరాలు దాన్ని మళ్లీ పనిలోకి దింపగానే, మందం పెరగకముందే బలం వస్తుంది. మీవాడి ఇసుక సంచి కథ అదే. బలాన్ని డైనమోమీటర్ అనే బలం కొలిచే పరికరంతో కొలిపించండి. బాగున్న కాలి బలంలో కనీసం 90 శాతం రానిదే నేనైతే ఎవరినీ కబడ్డీకి పంపను.

జిమ్ నడుపుతున్నా, ప్రొద్దుటూరు: ఫోన్‌కు తగిలించే చిన్న ప్రోబ్ కొంటే మా పిల్లలకు నేనే చూడొచ్చు కదా?

రేడియాలజీ టెక్నీషియన్, కడప: ఆ పని చేయొద్దు సార్. కడుపులో బిడ్డ ఆడో మగో చూడకుండా ఆపే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టుకుంటే కేసు. కండకే వాడానంటే వినరు. అమ్మినవాడూ ఇరుక్కుంటాడు.

గుంతకల్లు నుంచి: అందరికీ థాంక్స్. అమ్మకు అంతా చెప్పాను. గుడ్లు మాత్రం తగ్గించేది లేదంది.