బిలహరిలో మధ్యమం తేడా కొడుతోంది, రాగం చెక్ చేసే సర్క్యూట్ గురించి సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం అండి. ఈసీఈ మూడో ఏడాది, చిన్నప్పట్నుంచీ గాత్రం నేర్చుకుంటున్నా. మినీ ప్రాజెక్ట్‌కి ఎఫ్‌పీజీఏ (మనకి కావాల్సిన సర్క్యూట్‌ని మనమే రాసుకునే చిప్) మీద రెండు పనులు చేస్తున్నా, ఒకటి ఆదితాళం కౌంటరు, రెండోది మిడి కీబోర్డ్ (ఏ కీ నొక్కామో నంబర్‌గా పంపేది) మీద స్వరాలు నొక్కుతుంటే రాగంలో ఉన్నాయో లేవో చెప్పే చెకర్. మోహనానికి బాగానే పనిచేస్తోంది, 12 బిట్ల మాస్క్ పెట్టా, 101010010100, ఎడమవైపు షడ్జమంతో మొదలు, ఉన్న స్వరస్థానానికి 1 లేనిదానికి 0. బిలహరికి వచ్చేసరికి ఇబ్బంది. మాస్క్‌లో మ ఉంచితే "స రి గ మ ప" అని ఎక్కినా పచ్చలైటే, తీసేస్తే "ప మ గ" అని దిగేటప్పుడు ఎర్రలైటు. ఇంకోటి, తాళానికి తిస్రనడ (ఒక్కో అక్షరాన్ని, అంటే తాళంలో ఒక్కో లెక్కని, మూడు భాగాలు చేయడం) కలపాలంటే కౌంటర్ మొత్తం మళ్ళీ రాయాలా?

జవాబు 1:
తమ్ముడూ, మాస్క్ అనేది కాంబినేషనల్ లాజిక్, ఇప్పుడొచ్చిన స్వరం తప్ప దానికి ఇంకేం తెలీదు. మేళం (ఏడు స్వరాల మూలరాగం) అంటే ఏ స్వరాలున్నాయి అన్నదే కాబట్టి దానికి సరిపోతుంది, రాగానికి మాత్రం ఎక్కడ్నుంచి వచ్చాం అన్నది గుర్తుండాలి, అంటే సీక్వెన్షియల్, రిజిస్టర్ (విలువని దాచుకునే చోటు) పెట్టాల్సిందే. ఇది అర్థమైతే సగం ప్రాజెక్ట్ అయినట్టే.

నీకు సులువేంటంటే బిలహరి ఆరోహణ అచ్చం మోహనమే, అదే మాస్క్. అవరోహణ శంకరాభరణం, 101011010101. ముందు స్వరాన్ని రిజిస్టర్‌లో పెట్టుకో, కొత్తది పెద్దదైతే ఆరోహణ మాస్క్, చిన్నదైతే అవరోహణ మాస్క్ చూడు, ముందు స్వరం కొత్త స్వరం రెండూ ఆ మాస్క్‌లో ఉంటేనే పచ్చలైటు. అప్పుడు "గ మ" అని ఎక్కితే మ దగ్గరే ఎరుపు, "ప మ గ" దిగితే పచ్చ, "మ ప" అని వెనక్కి ఎక్కినా ఎరుపు. పోల్చేటప్పుడు మాత్రం 7 బిట్ల మిడి నంబరే వాడు, 12తో భాగిస్తే వచ్చే శేషం వాడావంటే నిషాదం నుంచి పై షడ్జమానికి వెళ్తుంటే 11 నుంచి 0కి దిగినట్టు కనిపిస్తుంది. శేషం మాస్క్‌కి మాత్రమే, అదీ నీ శ్రుతి షడ్జమం నంబర్ తీసేశాక.

బిలహరి భాషాంగం కదా, అంటే మేళంలో లేని స్వరం కూడా వాడే రాగం, కైశికి నిషాదం కొన్ని సంచారాల్లో వస్తుంది, వాటిని విడిగా రాసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అన్నా చాలా థాంక్స్, లైట్లు సరిగ్గా వస్తున్నాయి! వక్రరాగాలకి (స్వరాలు వరసగా కాకుండా ముందుకీ వెనక్కీ నడిచేవాటికి) కూడా రెండు మాస్క్‌లు చాలా?

జవాబు 1:
చాలవు. ఆనందభైరవి ఆరోహణ చూడు, స గ రి గ మ ప ద ప స. మొదటి గ తర్వాత రి, రెండో గ తర్వాత మ, నొక్కే కీ మాత్రం ఒకటే. అంటే ఒకే గ కి రెండు స్టేట్లు కావాలి, పూర్తి స్టేట్ మెషిన్ (వరసలో ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకునే సర్క్యూట్) రాయాల్సిందే. నాకైతే మొత్తంలో అందమైన భాగం ఇదే, వైవాలో దీన్నే బోర్డు మీద గీసి చూపించు.

జవాబు 2:
తాళం సంగతి నేను చెప్తానండి. ఆదితాళం 8 అక్షరాలు కాబట్టి 3 ఫ్లిప్‌ఫ్లాపులు (ఒక్కోటీ ఒక బిట్ దాచేవి) చాలు, 0, 4, 6 దగ్గర దెబ్బ, 1 నుంచి 3 వేళ్ళు, 5, 7 విసర్జితం (చేయి తిప్పడం). దాన్ని ముట్టుకోకండి. దాని ముందు నడ కౌంటర్ ఇంకోటి పెట్టండి, చతురశ్రానికి 4, తిస్రానికి 3, అది నిండినప్పుడు వచ్చే పల్స్ తాళం కౌంటర్‌కి ఎనేబుల్‌గా (ఇప్పుడు లెక్కపెట్టు అనే సంకేతంగా) ఇవ్వండి, క్లాక్‌గా ఇవ్వొద్దు, క్లాక్ అన్నిటికీ ఒకటే ఉండాలి. నడ మారినా అక్షరం నిడివి మారకూడదు కదా, అందుకని అక్షరాన్ని 1260 టిక్కులు చేయండి, 3, 4, 5, 7, 9 అన్నిటితోనూ భాగం పోతుంది, తిస్రానికి 420కొకటి, చతురశ్రానికి 315కొకటి, ఖండానికి (5) 252కొకటి.

ప్రశ్న అడిగినవారు:
మేడమ్ ఇది రేపే పెడతా. చివరిది, 72 మేళాలకీ మాస్క్‌లు టేబుల్‌లో టైప్ చేయాలా?

జవాబు 2:
అక్కర్లేదండి, నంబర్‌లోనే అంతా ఉంది. మేళం నంబర్‌లోంచి 1 తీసేసి 36తో భాగించండి, భాగఫలం మధ్యమం, 0 అయితే శుద్ధం, 1 అయితే ప్రతి. మిగిలింది 6తో భాగిస్తే భాగఫలం రి గ జంట, శేషం ద ని జంట. కల్యాణి 65, ఒకటి తీస్తే 64, మధ్యమం 1, మిగిలింది 28, అందులో 4, శేషం 4. జంటలు సున్నా నుంచి లెక్కపెడితే నాలుగోది చతుశ్రుతి రిషభం అంతర గాంధారం, అలాగే చతుశ్రుతి ధైవతం కాకలి నిషాదం. శంకరాభరణం 29, సరిగ్గా 36 తక్కువ, తేడా మధ్యమం బిట్ ఒక్కటే. జంటలు ఆరే ఎందుకంటే స కీ మ కీ మధ్య నాలుగు స్థానాల్లో రెండు ఎంచుకోవాలి, అంతే.

రిపోర్ట్‌లో మాత్రం "రాగాన్ని గుర్తిస్తుంది" అని రాయకండి, "ఆరోహణ అవరోహణలను సరిచూస్తుంది" అని రాయండి. తోడిలో గాంధారం గమకంతో ఊగుతుంది, కీ నొక్కితే వచ్చే నిలువు స్వరం కాదది, మీ సర్క్యూట్‌కి ఆ సమాచారం అందనే అందదు. అది కావాలంటే మైకు, ఏడీసీ (మైకు సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది), పిచ్ కనిపెట్టే బ్లాక్ కావాలి, మినీ ప్రాజెక్ట్‌లో పట్టదు.