పక్షుల ఫోటోలకి తక్కువ బడ్జెట్‌లో ఏ లెన్స్?

ప్రశ్న: నా దగ్గర కానన్ 1500డి, 18-55 లెన్స్ ఉన్నాయండి. మాది గుంటూరు, వీలైనప్పుడల్లా ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్తాను, కానీ గూడబాతులు ఫోటోలో చుక్కల్లా పడుతున్నాయి. ఏం కొనమంటారు?

జవాబు: కానన్ 55-250 ఎస్‌టీఎం లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. మీ కెమెరా సెన్సర్ చిన్నది (క్రాప్ 1.6 రెట్లు) కాబట్టి 250 దగ్గర 400 ఎంఎం లెన్స్‌లో అంత దగ్గరగా కనిపిస్తుంది. కొనేముందు టార్చి వేసి లోపల ఫంగస్ ఉందేమో చూసుకోండి, మన తేమకి తొందరగా పడుతుంది.

ప్రశ్న అడిగినవారు: పాత టామ్రాన్ 70-300 ఇంకా తక్కువకి వస్తోంది, అదైతే?

జవాబు: స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) లేనిదైతే వద్దండి, చేత్తో పట్టుకుని తీయడం కష్టం.

ఇంకొకరు: ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ 1/1000 సెకను కన్నా వేగంగా, ఫోకస్ ఏఐ సెర్వోలో (కదిలేదాన్ని వెంటాడే మోడ్) పెట్టండి. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెరిగినా ఫర్వాలేదు, దానివల్ల వచ్చే గ్రెయిన్ తర్వాత తగ్గించొచ్చు గానీ షేక్ అయిన ఫోటోని ఏం చేయలేం. పక్షుల పేర్లకి మెర్లిన్ యాప్ ఉచితమే. గూళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి, ప్లీజ్.